ఏ ప్రవేశ పరీక్ష రాయాలి? సారపాక ప్రాంత విద్యార్థి ముందున్న ఎంపిక

సీట్లు తక్కువగా, పోటీ ఎక్కువగా ఉన్న కళాశాలలు విద్యార్థులను వడబోసుకోవడానికి సబ్జెక్టుల వారీగా, అందరికీ ఒకే కొలమానంతో జరిపే పరీక్షలను మనం ప్రవేశ పరీక్షలు అంటున్నాం. ఇంటర్ రెండో ఏడాదికి వచ్చేసరికి తెలుగు విద్యార్థి ముందు ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీ, లాసెట్, ఐసర్ల ఆప్టిట్యూడ్ టెస్ట్ వంటివి వరుస కట్టి నిలబడతాయి. వీటిలో ఏవి రాయాలి, ఏవి వదిలేయాలి, సబ్జెక్టులు ఎంచుకునే వీలున్న చోట వేటిని ఎంచుకోవాలి అన్నది చాలా ఇళ్లలో సీనియర్ల మాట మీదో, కోచింగ్ కరపత్రం మీదో తేలిపోతోంది. అలా తేల్చుకోవడం పొరపాటు. ముందు కావలసిన సీటు ఏదో, అది ఏ నిబంధనల కింద దొరుకుతుందో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి పరీక్షను నిర్ణయించుకోవాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని సారపాక వంటి చోట ఈ లెక్క మరీ అవసరం. రెండు రాష్ట్రాల సరిహద్దు, ఏజెన్సీ, తెలుగు మాధ్యమం, దూరాభారం అన్నీ అక్కడి విద్యార్థి దరఖాస్తులోనే కలుస్తాయి.

సారపాక బూర్గంపాడు మండలంలో, గోదావరి ఒడ్డున, భద్రాచలానికి ఎదురుగా ఉంది. 1965లో వంతెన ప్రారంభమయ్యాక రెండు ఒడ్లూ ఒకే ఊరన్నట్టు కలిసిపోయాయి. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన భద్రాచలం పేపర్ బోర్డ్స్ కర్మాగారం 2002లో ఐటీసీలో విలీనమైంది. మిల్లు ఉద్యోగుల పిల్లలు, చుట్టుపక్కల గూడేల కోయ పిల్లలు, తండాల లంబాడా పిల్లలు, నది దాటి వచ్చే కొండరెడ్డి పిల్లలు భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెం కళాశాలల్లో, గురుకులాల్లో పక్కపక్కనే కూర్చుని ఇంటర్ చదువుతారు. తరగతి ఒకటే అయినా వారికి సరిపోయే పరీక్షల జాబితా ఒకటి కాదు. ఒకరికి ఎస్టీ ధ్రువపత్రం ఉంటుంది, మరొకరికి ఉండదు. ఒకరిది తెలంగాణ స్థానికత, పక్కవాడిది ఆంధ్రప్రదేశ్. ఒకరు పదో తరగతి వరకు తెలుగులో చదివితే మరొకరు మొదటి నుంచీ ఇంగ్లిషులో చదివారు. అందరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు.

ఇన్ని పరీక్షలు ఒక్కసారిగా పుట్టుకురాలేదు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ, ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ 1983లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం ఉమ్మడి ప్రవేశ పరీక్షకు పునాది వేసింది. అలా వచ్చిన ఎంసెట్ మూడు దశాబ్దాల పాటు ఇంజినీరింగ్‌కూ, వైద్యానికీ, వ్యవసాయానికీ ఒకటే గుమ్మంగా నిలిచింది. ఆ కాలంలో పరీక్షను ఎంచుకునే సమస్యే పెద్దగా లేదు. ఎంపీసీ అయినా, బైపీసీ అయినా రాసేది ఎంసెటే. రాష్ట్ర విభజన తరువాత 2015 నుంచి తెలంగాణ విడిగా ఎంసెట్ నడిపింది. 2016 తరువాత ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లు నీట్ కిందికి వెళ్లిపోయాయి. వైద్యం పోయింది కాబట్టి పరీక్ష పేరూ మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో అది ఈఏపీసెట్ అయింది. ఎన్ఐటీలకు, ఐఐటీల తొలి వడపోతకు జేఈఈ మెయిన్ 2013లో వచ్చింది. 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయాల కోసం సీయూఈటీ మొదలైంది. నలభై ఏళ్లలో ఒక గుమ్మం అరడజను గుమ్మాలైంది. ప్రతి గుమ్మానికీ వేరే తాళం, వేరే గడువు.

బయటి ప్రపంచంలో ఇలాంటి ఎంపికకు బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలోని శాట్ సబ్జెక్ట్ టెస్టులు. గంట సేపు సాగే ఒక్కో పరీక్షకు 200 నుంచి 800 దాకా స్కోరు ఇచ్చేవారు. ఏ రెండు రాయాలన్న తర్జనభర్జన అక్కడి తెలుగు కుటుంబాలకు కూడా ఏటా ఉండేది. 2021 జనవరిలో వాటిని నడిపే కాలేజ్ బోర్డే వాటిని రద్దు చేసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో వెలువరించిన అధ్యయనంలో, అక్కడి మొదటి ఏడాది మార్కులను ముందుగా అంచనా వేయడంలో సాధారణ శాట్ కంటే సబ్జెక్టు పరీక్షలే మెరుగని తేలింది. మన చర్చకు ఈ సంగతి పనికొస్తుంది. బడిలో శ్రద్ధగా చదివిన సబ్జెక్టునే అడిగే పరీక్ష, చదివిన పిల్లకు న్యాయం చేసే అవకాశం ఎక్కువ. అందువల్ల పరీక్ష ఎంపికలో మొదటి ప్రశ్న, తాను నిజంగా బాగా చదివిన సబ్జెక్టుకు ఏ పరీక్ష ఎంత తూకం ఇస్తోంది అన్నది కావాలి.

ఆ తూకంలో తేడా చాలామంది అనుకునే దానికన్నా పెద్దది. తెలంగాణ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు ఉంటే అందులో గణితానివి 80, భౌతికశాస్త్రానివి 40, రసాయనశాస్త్రానివి 40. జేఈఈ మెయిన్‌లో మూడింటికీ సమాన వాటా, మొత్తం 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఊహకు ఒక విద్యార్థిని తీసుకుందాం. గణితంలో నూటికి 80, ఫిజిక్స్‌లో 40, కెమిస్ట్రీలో 50 శాతం తెచ్చుకోగల పిల్ల ఈఏపీసెట్ తూకంలో 160కి 100, అంటే 62.5 శాతం తెచ్చుకుంటుంది. అదే సామర్థ్యాన్ని మూడు సమాన భాగాలతో తూచితే 57 శాతం దగ్గర ఆగుతుంది. గణితంలో 40, ఫిజిక్స్‌లో 60, కెమిస్ట్రీలో 80 తెచ్చుకునే పిల్లవాడికి లెక్క తిరగబడుతుంది. ఈఏపీసెట్ తూకంలో 55, సమాన తూకంలో 60. ప్రశ్నల కాఠిన్యం వేరు కనుక ఈ శాతాలు యథాతథంగా ర్యాంకులుగా మారవు, కాని దిశ మాత్రం ఇదే. బైపీసీ వైపు నీట్‌లో 180 ప్రశ్నల్లో 90, ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగంలో 160లో 80 వృక్ష, జంతు శాస్త్రాలవే. రెండింటా జీవశాస్త్రానిది సగం వాటా కాబట్టి బైపీసీ విద్యార్థి ఒకే చదువుతో రెండూ రాయగలడు. ఎంపీసీ విద్యార్థికి ఆ సౌలభ్యం లేదు. అతను తన గణితాన్ని నిజాయితీగా అంచనా వేసుకుని, ప్రధాన పరీక్ష ఏదో తేల్చుకోక తప్పదు.

తూకం తరువాత చూడవలసినవి మార్కుల కోత, భాష, ఇంటర్ మార్కుల పాత్ర. ఈఏపీసెట్‌లో తప్పు సమాధానానికి కోత లేదు. జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీలలో ఒక్కో తప్పుకు ఒక మార్కు పోతుంది. వేగంగా చేయగలిగి, అక్కడక్కడ తడబడే విద్యార్థికి మొదటిది అనుకూలం. నెమ్మదిగా, తెలిసినదే రాసే విద్యార్థి రెండో రకంలో నష్టపోడు. తెలంగాణ 2023లో ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీని తీసేసింది. ఆంధ్రప్రదేశ్ దానిని కొనసాగిస్తోంది. తెలంగాణ ఈఏపీసెట్‌లో అర్హతకు 25 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస గీత కూడా లేదు. తెలుగు మాధ్యమం పిల్లలకు భాష అసలు సంగతి. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీ నాలుగూ తెలుగులో రాయవచ్చు. ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిషు, హిందీలలోనే ఉంటుంది. కాబట్టి ఐఐటీని లక్ష్యంగా పెట్టుకున్న తెలుగు మాధ్యమం విద్యార్థి ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఇంగ్లిషు ప్రశ్నలకు అలవాటు పడాలి. మెయిన్ తెలుగులో దాటి, అడ్వాన్స్‌డ్‌లో మొదటిసారి ఇంగ్లిషు పేపరు చూస్తే తెలిసిన లెక్క కూడా చేజారుతుంది.

సరిహద్దు సమస్య దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే సారపాక పరిసరాల్లో చాలామందికి తెలియకుండానే నష్టం జరిగేది ఇక్కడే. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలతో పాటు భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం, బూర్గంపాడు మండలంలో కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. గీత మారింది కాని బస్సు దారి మారలేదు. అక్కడి పిల్లలు నేటికీ భద్రాచలంలో, సారపాక చుట్టుపక్కల చదువుకుంటున్నారు. రాజ్యాంగం 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర స్థాయి ప్రవేశాల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత ప్రధానంగా అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువును బట్టి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఎక్కడ చదివారన్న దానిని బట్టి తేలుతుంది. తొమ్మిది, పది కుక్కునూరులో, ఇంటర్ భద్రాచలంలో చదివిన పిల్లకు ఈ నాలుగేళ్ల గొలుసు రెండు వైపులా తెగిపోతుంది. ఆ పైన నివాసం వంటి ఇతర నిబంధనల కింద రుజువు చేసుకోవాలి. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది. 2025లో తెలంగాణ మిగతా 15 శాతం సీట్లను కూడా తన రాష్ట్రంతో సంబంధం ఉన్నవారికే పరిమితం చేసింది. ఒకప్పుడు రెండు రాష్ట్రాల ఎంసెట్లూ రాసి ఏది బాగుంటే అది చూసుకునే వీలు ఉండేది. ఇప్పుడు స్థానికత లేని రాష్ట్రం ఈఏపీసెట్ రాయడం వల్ల చాలామందికి ఒరిగేది తక్కువ.

జాతీయ పరీక్షల్లో లెక్క వేరు. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఉంటాయి. అక్కడ సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి, మనకైతే ఇంటర్, పాసైన రాష్ట్రం. చింతూరులో పుట్టి, పదో తరగతి దాకా అక్కడే చదివి, భద్రాచలంలో ఇంటర్ పాసైన విద్యార్థి వరంగల్ ఎన్ఐటీ కోటాలో తెలంగాణ వాడే అవుతాడు. అదే విద్యార్థి తెలంగాణ ఈఏపీసెట్‌లో స్థానికుడని రుజువు చేసుకోవడానికి ఇబ్బంది పడవచ్చు. వైద్య విద్యలోనూ తెలంగాణ నాలుగేళ్ల నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కొత్తగూడెం ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో 150 సీట్లతో మొదలైంది. ఇంటి పక్కనే ఉన్న ఆ సీటుకు కూడా ర్యాంకుతో పాటు నాలుగు ఏళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఇలాంటి సరిహద్దు విద్యార్థికి నా అభిప్రాయంలో జేఈఈ మెయిన్ ప్రధాన పరీక్ష, ఈఏపీసెట్ తోడు పరీక్ష కావాలి. మైదాన ప్రాంతపు విద్యార్థికి ఇచ్చే సలహాకు ఇది సరిగ్గా ఎదురు.

గిరిజన విద్యార్థుల విషయంలో ఒక అపోహను గట్టిగా ఖండించాలి. జేఈఈ మన పిల్లలకు అందేది కాదని, ఈఏపీసెట్‌తో సరిపెట్టుకుంటే చాలని ఏజెన్సీలో పెద్దలు అనడం మామూలే. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు అర్హత సాధించడానికి జనరల్ విభాగంలో 93.23 పర్సంటైల్ కావలసి వచ్చింది. ఎస్టీ విభాగంలో 46.69 సరిపోయింది. అర్హత వస్తే సీటు వచ్చినట్టు కాదు. అయినా పరీక్ష రాసినవారిలో మధ్యస్థంగా నిలిచే గిరిజన విద్యార్థికి ఆ తలుపు తెరిచే ఉందని ఈ అంకె చెబుతోంది. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం, 2022 నుంచి తెలంగాణ సంస్థల్లో 10 శాతం సీట్లు ఉన్నాయి. రిజర్వేషన్ ఉంది కనుక ఏ పరీక్ష అయినా ఒకటే అనుకోవడం కూడా తప్పే. సీటు ఉన్నంత మాత్రాన చదువు సాగదు. గణితం బలహీనంగా ఉన్న పిల్లను వర్గం పేరుతో ఇంజినీరింగ్‌లోకి నెట్టడం కంటే, అదే జిల్లాలో అశ్వారావుపేటలో ఉన్న వ్యవసాయ కళాశాల వైపు, నర్సింగ్ వైపు బైపీసీ మార్గంలో నడిపించడం మేలు. ఈ రెండింటికీ ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగమే దారి.

సబ్జెక్టులను విద్యార్థే ఎంచుకోవలసిన నిజమైన పరీక్ష సీయూఈటీ. ఈ ప్రాంతంలో అతి తక్కువగా పట్టించుకునేదీ అదే. 13 భాషలు, 23 సబ్జెక్టులు, ఒక జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ కలిపి 37 పరీక్షలుంటాయి. 2022లో తొమ్మిది, 2023లో పది, 2024లో ఆరు దాకా ఎంచుకోనిచ్చి, 2025 నుంచి అయిదుకు పరిమితం చేశారు. ఒక్కో పరీక్ష 60 నిమిషాలు, 50 ప్రశ్నలు, సరైన జవాబుకు 5 మార్కులు. మన ఇంటర్ సబ్జెక్టుల్లో కొన్నింటి పేర్లు ఈ జాబితాలో కనిపించవు కాబట్టి పిల్లలు తికమకపడతారు. సీఈసీ విద్యార్థి సివిక్స్ అక్కడ పొలిటికల్ సైన్స్. అతను చదివే కామర్స్ ఒకే సబ్జెక్టు అయినా అందులో వాణిజ్యశాస్త్రం, అకౌంటెన్సీ రెండూ ఉన్నాయి కనుక బిజినెస్ స్టడీస్, అకౌంటెన్సీ అని రెండు పరీక్షలకు పనికొస్తుంది. ఎకనామిక్స్, ఒక భాష కలిపితే సరిగ్గా అయిదు. బైపీసీ పిల్లలకు ఇంటర్‌లో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం రెండు సబ్జెక్టులైతే అక్కడ బయాలజీ ఒక్కటే. అందుకని వారికి ఒక గది ఖాళీ మిగులుతుంది. దానిని ఇంగ్లిషుతో గాని, ఆప్టిట్యూడ్ టెస్టుతో గాని నింపుకోవచ్చు. ఎంపీసీ వారికి గణితం రెండేళ్లలో నాలుగు పేపర్లైనా అక్కడ ఒకే పరీక్ష.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2025 నుంచి ఇంటర్‌లో చదవని సబ్జెక్టులో కూడా సీయూఈటీ రాయవచ్చు. ఇది స్వేచ్ఛలా కనిపిస్తుంది. కాని సీటు ఇచ్చేది పరీక్ష సంస్థ కాదు, విశ్వవిద్యాలయం. చదివిన సబ్జెక్టుల్లో, లేదా వాటికి దగ్గరగా ఉన్నవాటిలోనే రాయాలని ఢిల్లీ విశ్వవిద్యాలయం షరతు పెట్టింది. ఒక భాషతో పాటు మూడు సబ్జెక్టులు అడిగే కోర్సులు అక్కడ ఎక్కువ. ఎకనామిక్స్ ఆనర్స్ కావాలంటే గణితం తప్పనిసరి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తన అయిదేళ్ల సమీకృత కోర్సులకు సీయూఈటీ స్కోరునే చూస్తోంది. ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2023 చట్టంతో ఏర్పడి, 2024–25లో ఇంగ్లిషు, ఎకనామిక్స్ ఆనర్స్ డిగ్రీలతో మొదలైంది. సారపాక నుంచి మణుగూరు, ఏటూరునాగారం దారిలో వెళ్లి చేరుకునే కేంద్రీయ విశ్వవిద్యాలయం అది. అందులో సీటుకు కూడా సీయూఈటీ రాయాలన్న సంగతి హెచ్ఈసీ, సీఈసీ చదివే గిరిజన పిల్లలకు చేరాలి. దరఖాస్తు నింపే ముందు కోరుకున్న రెండు మూడు కోర్సులు అడిగే సబ్జెక్టులను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని, అన్నింటా కనిపించేవాటిని ముందు ఎంచుకుని, మిగిలిన గదుల్లో ఒక్క కోర్సుకే పనికొచ్చేవి పెట్టుకోవాలి. భాష పరీక్షగా తెలుగును చిన్నచూపు చూడనక్కరలేదు. కోర్సు ఏ భాషనైనా అంగీకరించేటప్పుడు, ఇంట్లో, బడిలో తెలుగే మాట్లాడిన పిల్లకు అంతకన్నా భరోసా ఇచ్చే స్కోరు మరొకటి ఉండదు. మార్కులు తేలిగ్గా వస్తాయని ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకున్నవారు ఈ వెసులుబాటును కొంత పోగొట్టుకుంటున్నారు.

ఈ వాదనకు ఎదురుగా వచ్చే మాటలు బలమైనవే. సీయూఈటీ, నీట్ వంటివి కేంద్ర సిలబస్‌తో నడుస్తాయి కనుక రాష్ట్ర బోర్డు పిల్లలకు, పల్లె పిల్లలకు అన్యాయమని తమిళనాడు గట్టిగా వాదించింది. నీట్ ప్రభావంపై ఆ రాష్ట్రం నియమించిన జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో అదే తేల్చింది. 2022 ఏప్రిల్‌లో సీయూఈటీకి వ్యతిరేకంగా తమిళనాడు శాసనసభ తీర్మానం చేసింది. విధానంగా ఆ విమర్శలో న్యాయం ఉంది. అయితే విధానం మారేదాకా ఈ ఏడాది ఇంటర్ రాసే పిల్ల ఆగలేదు. పరీక్షను తప్పించుకుంటే సీటు ఆమెను వెతుక్కుంటూ రాదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలకు పూర్తిగా పరాయివి కావు. తేడా ఉన్న అధ్యాయాలను అధ్యాపకులు గుర్తించి చెబితే ఆ దూరం చాలావరకు తగ్గుతుంది. గురుకులాలు ఈ పని చేయగలవు, చేయాలి.

దరఖాస్తు పెట్టి చూద్దాం, పోయేదేముంది అన్నది రెండో మాట. డబ్బు సంగతి చూస్తే 2024లో తెలంగాణ ఈఏపీసెట్ ఫీజు ఎస్సీ, ఎస్టీలకు 500, ఇతరులకు 900 రూపాయలు. అది పెద్ద భారం కాదనుకుందాం. ప్రయాణం, బస, తోడు వచ్చే తండ్రి కూలి పోవడం మాత్రం భారమే. భద్రాచలం రోడ్ అనే పేరున్న రైల్వే స్టేషన్ కూడా నిజానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కొత్తగూడెంలో ఉంది. అంతకు మించి పోయేది ఏకాగ్రత. ఒకే సిలబస్‌తో నడిచే పరీక్షలు రెండు రాయడం తెలివి. వేర్వేరు సిలబస్‌లతో నాలుగు రాయడం నాలుగింటినీ సగం సగం చదవడం. జేఈఈకి చదివితే అన్నీ వస్తాయన్న మాటా ఇలాంటిదే. జేఈఈ సిద్ధపాటు ఈఏపీసెట్ భౌతిక, రసాయన శాస్త్రాలకు ఉపకరిస్తుంది కాని మూడు గంటల్లో 160 ప్రశ్నలు చేసే వేగాన్ని ఇవ్వదు. ఆ వేగానికి పరీక్ష ముందు కొన్ని వారాలు విడిగా కేటాయించాలి.

పదిహేనేళ్ల వయసులో గ్రూపు ఎంచుకున్నప్పుడే సగం తలుపులు మూసుకుపోతున్నాయి, ఇక ఇంటర్ చివర ఎంపిక ఎక్కడిది అన్నది మూడో అభ్యంతరం. నిజమే. బైపీసీ విద్యార్థి ఇంజినీరింగ్ ఈఏపీసెట్ రాయలేడు. ఎంపీసీ విద్యార్థి మాత్రం ఇంజినీరింగ్ ర్యాంకుతోనే బీఫార్మసీలో చేరవచ్చు. అందువల్ల పరీక్షల లెక్క పదో తరగతి చివరే మొదలవ్వాలి. ఆ దశలో అసలు ప్రవేశ పరీక్షే లేని దారి కూడా ఒకటుంది. 2008లో ఏర్పడిన బాసర ట్రిపుల్ ఐటీ పదో తరగతి ఫలితంతోనే ఆరేళ్ల సమీకృత ఇంజినీరింగ్‌లో చేర్చుకుంటుంది. ప్రభుత్వ బడుల్లో చదివిన వారికి అదనపు వెయిటేజీ ఇస్తుంది. ఏజెన్సీ ఉన్నత పాఠశాలలో మొదటి స్థానంలో నిలిచే విద్యార్థికి కోచింగ్ ఖర్చు లేని మార్గం ఇంతకన్నా మంచిది మరొకటి లేదు. ఇంటర్ తరువాత కూడా 2016లో మొదలైన దోస్త్ ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా ప్రభుత్వ డిగ్రీ కళాశాలల సీట్లు ఇంటర్ మార్కులతోనే దొరుకుతాయి. ఏ ప్రవేశ పరీక్షా కుదరకపోయినా చేతిలో మిగిలేవి బోర్డు మార్కులే కాబట్టి వాటిని పణంగా పెట్టి చేసే ఏ కోచింగ్ అయినా అనవసరపు సాహసం. జేఈఈ మెయిన్ ద్వారా ఎన్ఐటీలో చేరడానికి కూడా ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండటం షరతు.

నదీతీరపు విద్యార్థి చూసుకోవలసిన మరో అంశం క్యాలెండర్. కోవిడ్ వల్ల 2022లో చాలా పరీక్షలు వెనక్కి జరిగి జులైలో పడ్డాయి. తెలంగాణ ఎంసెట్ అగ్రికల్చర్ పరీక్ష 14, 15 తేదీల్లో ఉండగా వానల వల్ల వాయిదా వేసి నెలాఖరుకు మార్చారు. సీయూఈటీ తొలిసారిగా 15న మొదలైంది. 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నీట్ మాత్రం వాయిదా పడకుండా 17వ తేదీనే జరిగింది. రాష్ట్రం నడిపే పరీక్ష స్థానిక విపత్తుకు వంగింది. దేశమంతా ఒకే రోజు జరిగే పరీక్ష వంగలేదు. మామూలు ఏడాదుల్లో ఈఏపీసెట్, నీట్ మే ప్రాంతంలో ముగుస్తాయి కనుక వరద భయం ఉండదు. కాని జులై, ఆగస్టులకు జారే పరీక్ష ఏదైనా ఉంటే కేంద్రాన్ని తాముండే ఒడ్డునే కోరుకోవాలి, లేదంటే రెండు రోజులు ముందే బయలుదేరాలి. జేఈఈ మెయిన్ జనవరిలో, ఏప్రిల్‌లో రెండు విడతలుగా జరిగి, మెరుగైన స్కోరునే తీసుకుంటుంది. ఒక ప్రమాదం మొత్తం ఏడాదిని మింగేయకుండా చూసే ఈ ఏర్పాటు కూడా ఆ పరీక్షను ఎంచుకోవడానికి ఒక కారణమే.

జేఈఈ మెయిన్ తొలి విడత దరఖాస్తులు ఈ మధ్య అక్టోబరు చివర మొదలై నవంబరులో ముగుస్తున్నాయి. అప్పటికి కేంద్ర నమూనాలో కుల ధ్రువపత్రం, తొమ్మిదో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి మెమోలో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ సరిచూసుకున్న ఆధార్ చేతిలో ఉండాలి. సారపాక, భద్రాచలం, బూర్గంపాడు కళాశాలల అధ్యాపకులు దసరా సెలవులకు ముందే ఒక పూట కేటాయించి, రెండో ఏడాది పిల్లల చేత వీటిని బల్ల మీద పెట్టించి, ఎవరికి ఏ రాష్ట్రపు స్థానికత వర్తిస్తుందో, ఎవరు ఏ పరీక్ష రాయాలో ఒక్కొక్కరి పేరు పక్కన రాసి ఇవ్వాలని కోరుతున్నాను.